మురుగు పైపు జాయింటుకు ఏది సీలు?

సంపాదకులు గారికి నమస్కారం.

గత వారం మా నరసరావుపేటలోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో నేను నిలబడి ఉండగా ఒక యువకుడు వచ్చి, వంటింటి సింకు కింద నీరు కారుతోందని, దానికి ఏం వాడాలో ఇమ్మని అడిగాడు. కొట్లోని కుర్రవాడు ఒక ఎం-సీల్ ప్యాకెట్టు, ఒక టెఫ్లాన్ టేపు చుట్ట, అరకిలో వైట్ సిమెంటు కట్టి చేతికిచ్చాడు. కారుతున్నది ఏ జాయింటు దగ్గర, అది మరలతో బిగించినదా, సొల్యూషన్‌తో అతికించినదా, రబ్బరు రింగుతో కూర్చోబెట్టినదా అని అడిగినవారు లేరు, చెప్పినవారూ లేరు. ఆ మూడు వస్తువుల్లో ఒక్కటి కూడా ఆ అబ్బాయి సింకుకు అక్కరకు రాలేదేమోనని నాకు గట్టి అనుమానం. చిన్న పనికి ప్లంబరు దొరకడం కష్టమైన ఈ రోజుల్లో చాలా ఇళ్లలో యజమానులే పానా, హాక్సా పట్టుకుంటున్నారు. అది సంతోషించవలసిన విషయమే. అయితే మంచినీటి పైపుకు, మురుగు పైపుకు ఉన్న తేడా గాని, మురుగు పైపులోనే ఒక జాయింటుకు మరొక జాయింటుకు ఉన్న తేడా గాని తెలియకుండా చేతికందినది పూసేయడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో నేను స్వయంగా అనుభవించాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్లంబింగు నా వృత్తి కాదు. మా ఇంటి మేడ మీద స్నానాల గది కట్టించిన రెండో ఏడాదే కింది గది గోడలోకి చెమ్మ దిగి, సున్నం పెచ్చులుగా రాలడం మొదలైంది. మూడుసార్లు పనివారిని పిలిపించాను. మూడుసార్లూ పైకి కనిపించిన సందులన్నిటిలో వైట్ సిమెంటు కూరి, దాని మీద ఎం-సీల్ అద్ది వెళ్లారు. నాలుగోసారి మనసు రాయి చేసుకుని నాలుగు టైల్స్ పగలగొట్టించి చూశాను. 110 మిల్లీమీటర్ల బూడిద రంగు పైపు ఒక బెండులోకి దూరి ఉంది. అది రబ్బరు రింగు పెట్టి కూర్చవలసిన బెండు. రింగు కూర్చునే గాడి ఉంది గాని అందులో రింగు లేదు. దాన్ని తీసి పారేసి, ఆ చోట సొల్యూషన్ పూసి దించేశారు. ఎండిపోయిన ఆ సొల్యూషన్‌ను గోటితో గీకితే, ముదిరిన బెల్లం పాకంలా పెళుసు రేకులుగా లేచి వచ్చింది. పైపు కోసిన అంచు చుట్టూ హాక్సా బ్లేడు రేపిన పీచు అలాగే ఉంది. ఆ పైన బొటనవేలి మందాన సిమెంటు పట్టించారు. ఆ సిమెంటుకు, పైపు ఒంటికి మధ్య ఒక పోస్టుకార్డు అంచు సులువుగా దూరింది. మూడుసార్లు డబ్బు పోసి మేము మూయించినదంతా ఆ సందుకు బయటే ఉండిపోయిందన్నమాట.

ఇక్కడ అసలు విషయం ఒకటి చెప్పాలి. మంచినీటి పైపులో నీరు ఒత్తిడితో ఉంటుంది కనుక జాయింటు సరిగా లేకపోతే కుళాయి తిప్పిన నిమిషంలోనే చిమ్మి, తప్పు ఎక్కడుందో అదే చూపిస్తుంది. మురుగు పైపులో అటువంటి ఒత్తిడి ఉండదు. వాలును బట్టి నీరు జారిపోతుంది, చాలాసార్లు పైపు సగం కూడా నిండదు. అందుచేత చెడ్డ జాయింటు కూడా మొదటి రోజు మంచిదానిలాగే కనిపిస్తుంది. ఒక రోజుకు పది చుక్కలు, ఇరవై చుక్కలు ఇంకుతూ ఇంకుతూ ఏడాది తరువాత కింది వారి పైకప్పు మీద మరకగా బయటపడుతుంది. మురుగు పైపు జాయింటును చెడగొట్టేది నీటి బలం కాదు, కదలిక. ఎండకు పైపు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, వేడినీరు పడితే ఒక్కసారిగా ఉబ్బుతుంది, క్లాంపు లేకపోతే బరువుకు వంగుతుంది. ఈ కదలికను ఓర్చుకుంటూ మూసి ఉండగలిగినదే మురుగు జాయింటుకు సీలు. పైపుతో కలిసిపోకుండా గట్టిపడి రాయిలా నిలిచేది ఏదైనా, అది ఎంత ఖరీదైనదైనా, కొంతకాలానికి పైపు నుంచి విడిపోతుంది.

వైట్ సిమెంటు పూసే అలవాటు మనకు ఊరికే రాలేదు. మా నాన్నగారి కాలంలో మురుగుకు మట్టితో కాల్చిన స్టోన్‌వేర్ గొట్టాలు వేసేవారు. ఒక గొట్టం కొసను మరొక గొట్టం నోట్లో పెట్టి, సిమెంటు పాలలో తడిపిన నార తాడును చుట్టూ కూరి, ఆ పైన సిమెంటు ముద్ద పట్టించేవారు. పోత ఇనుప గొట్టాలకైతే నార కూరి, సీసం కరిగించి పోసేవారు. మట్టి గొట్టానికి, సిమెంటుకు పొత్తు కుదురుతుంది. పీవీసీ నున్నని ఒంటికి సిమెంటు అంటుకోదు, పక్కన ఆనుకుని ఉంటుందంతే. గొట్టం మారింది, చేతి అలవాటు మారలేదు. పెద్ద మేస్త్రీల దగ్గర పని నేర్చుకున్నవారు ఈ అలవాటును నేటికీ కొనసాగిస్తున్నారని నేను తప్పుపట్టడం లేదు. వారికి కొత్త పదార్థపు స్వభావాన్ని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

మన ఇళ్లలో మురుగుకు, వాననీటికి వాడే పీవీసీ పైపులకు, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ పైపులకు, భారత ప్రమాణం ఐఎస్ 13592. అందులో ఎ రకం వాననీటికి, గాలి గొట్టాలకు ఉద్దేశించినది, బి రకం మరుగుదొడ్డి, స్నానాల గది మురుగుకు ఉద్దేశించినది, దాని గోడ మందం ఎక్కువ. ఈ పైపులకు జాయింట్లు రెండు రకాలు, సొల్యూషన్‌తో అతికేవి, రబ్బరు రింగుతో కూర్చునేవి. ఫిట్టింగు, అంటే పైపులను కలిపే బెండు వంటి ముక్క, నోటి లోపలికి చూస్తే ఏది ఏదో ఇట్టే తెలిసిపోతుంది. లోపల గుండ్రంగా గాడి ఉంటే అది రింగుది, నున్నగా లోపలికి పోను పోను కాస్త బిగుతయితే అది సొల్యూషన్‌ది. ఒకదానికి రెండోదాని పద్ధతి వాడకూడదు. రింగు ఫిట్టింగులో పైపు కదలడానికి కావాలనే కాస్త వదులు ఉంచుతారు. ఆ వదులును సొల్యూషన్ పూడ్చలేదు. మా ఇంట్లో జరిగిన తప్పు సరిగ్గా అదే.

సొల్యూషన్ అని మనం పిలిచేది బంక కాదు. అది పైపు ఒంటి పైపొరను, ఫిట్టింగు లోపలి పొరను కరిగిస్తుంది. కరిగిన రెండు పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అందులోని ద్రావకం ఆవిరైపోయాక ఒకే ప్లాస్టిక్కుగా గట్టిపడతాయి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే చేయవలసినవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. పైపు, ఫిట్టింగు ఒకదానినొకటి తాకని చోట కరిగి కలవడానికి ఏమీ ఉండదు కనుక, సొల్యూషన్ పూయకముందే పొడిగా దూర్చి చూడాలి. సాకెట్, అంటే పైపు దూరే ఫిట్టింగు నోరు, లోతులో మూడో వంతు దాటాక బిగుసుకోవాలి, అడుగు దాకా గడగడా పోతే ఆ ఫిట్టింగు పనికిరాదు. తడి, దుమ్ము, నూనె ఉన్నచోట కరగదు కనుక పొడిగుడ్డతో శుభ్రంగా తుడవాలి. సాకెట్ లోపల పలుచగా, పైపు మీద కాస్త మందంగా, ఎక్కడా ఖాళీ లేకుండా పూసి, ఆలస్యం చేయకుండా పావు వంతు తిప్పుతూ అడుగు తగిలే వరకు నెట్టి, అర నిమిషం పాటు కదలకుండా పట్టుకోవాలి. పట్టుకోకపోతే పైపు మెల్లగా వెనక్కి జారుతుంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మన పల్నాడు ఎండల్లో, ముఖ్యంగా రెంటచింతల వైపు వేసవి ఎలా ఉంటుందో పాఠకులకు తెలుసు. మిట్టమధ్యాహ్నం మేడ మీద ఈ పని పెట్టుకుంటే పైపు దూర్చేలోపే సొల్యూషన్ ఆరిపోతుంది. పొద్దున్నే, నీడలో చేయాలి. డబ్బాలో జిగురుగా సాగే స్థితికి వచ్చిన సొల్యూషన్‌కు థిన్నరు కలిపి వాడటం కంటే దాన్ని పారేయడం చౌక. పైగా అది తేలిగ్గా నిప్పంటుకునే పదార్థం. కిటికీలు తెరవాలి, దగ్గరలో బీడీ గాని స్టవ్వు గాని వెలగకూడదు. వేడినీటికి వాడే సీపీవీసీ పైపుల సొల్యూషన్ వేరు, దీని సొల్యూషన్ వేరు అన్నది కూడా కొనేటప్పుడే చూసుకోవాలి.

రబ్బరు రింగు జాయింటు నా దృష్టిలో మన వాతావరణానికి మరింత అనువైనది. 3 మీటర్ల పీవీసీ పైపు 30 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. ఎండ పడే గోడ మీద నిలువునా దిగే పైపు ప్రతిరోజూ అంతో ఇంతో సాగి, ప్రతిరాత్రీ ముడుచుకుంటుంది. ఆ రాకపోకలకు చోటిచ్చేది రింగే. దాన్ని బిగించడంలో రెండే రెండు మెలకువలు ఉన్నాయి, రెండూ నిర్లక్ష్యానికి గురవుతున్నాయి. మొదటిది, కోసిన పైపు అంచును ఆకురాయితో వాలుగా అరగదీయడం. అలా చేయకపోతే ఆ పదునైన అంచు రింగును గాడి నుంచి నెట్టుకుపోతుంది, లేదా కోసేస్తుంది, పైనుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. రెండోది, పైపును అడుగు దాకా నెట్టి, సాకెట్ అంచు దగ్గర పెన్సిలుతో గీత గీసి, ఆ తరువాత 10 మిల్లీమీటర్లు వెనక్కి లాగడం. ఆ ఖాళీయే ఎండాకాలంలో పైపు సాగడానికి చోటు. నేను ఆ చోట కొత్త బెండును కొత్త రింగుతో కూర్చినప్పుడు, అంచు అరగదీసిన పైపుకు సబ్బు నురుగు రాసి నెడితే, రింగు దగ్గర ఒక్క క్షణం ఆగి, చేతికి మెత్తని ఒత్తిడి తగిలి, తరువాత సాఫీగా లోపలికి జారింది. ఆ ఒత్తిడి చుట్టూ సమానంగా తెలియడమే రింగు సరిగా కూర్చుందనడానికి గుర్తు. కంపెనీలు ఇచ్చే లూబ్రికెంటు పేస్టు దొరికితే మరీ మంచిది. గ్రీజు, ఇంజన్ ఆయిల్ మాత్రం పూయకూడదు, వాటికి రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. అలాగే సాకెట్ నోరు ఎప్పుడూ నీరు వచ్చే ఎగువ వైపు చూడాలి, పైపు కొస నీరు పోయే వైపు ఉండాలి. తిరగేసి పెడితే ప్రతి జాయింటు దగ్గరా నీరు అంచుకు కొట్టుకుంటుంది, చెత్త పట్టుకుంటుంది.

ఇక ఆ యువకుడి సింకు సంగతి. సింకు కింద కాస్త నీరు నిలిచి ఉండే ట్రాపుకు, వేస్టు పైపుకు చేతితో తిప్పే ప్లాస్టిక్ నట్లు ఉంటాయి. మర కనిపించింది కనుక టెఫ్లాన్ టేపు చుట్టాలనుకోవడం సహజమే గాని, అక్కడ నీటిని ఆపేది మర కాదు, నట్టు లోపల ఉండే వాషరు. మర పని ఆ వాషరును నొక్కి ఉంచడం వరకే. కుళాయి మరలకు టేపు ఎంత అవసరమో ఇక్కడ అంత అనవసరం. ఆ నట్టు విప్పి చూస్తే ఎక్కువసార్లు కనిపించేది వాషరు తిరగబడి ఉండటం, ఎండి పగిలి ఉండటం, లేదా దాని కింద ఒక అన్నం మెతుకు ఇరుక్కుని ఉండటం. వాషరులో సన్నబడిన వైపు మర ఉన్న గొట్టం నోట్లోకి, మందంగా ఉన్న వైపు నట్టుకు ఆనుకుని ఉండాలి. శుభ్రంగా తుడిచి, చేతితో బిగిసినంత బిగించి, ఆ పైన పానాతో మహా అయితే పావు చుట్టు తిప్పితే చాలు. బలమంతా పెట్టి బిగిస్తే నట్టు చీలుతుంది, అప్పుడు ఎం-సీల్ పూసినా ఆగదు. ఎం-సీల్ చెడ్డ వస్తువని నా అభిప్రాయం కాదు. కదలని చోట పగులును పూడ్చడానికి అది మేలైనదే. విప్పి శుభ్రం చేయవలసిన జాయింటును దానితో శాశ్వతంగా మూసేస్తే, రేపు ట్రాపు పూడుకుపోయినప్పుడు కోసి తీయడం తప్ప దారి ఉండదు. సింకు రంధ్రంలో కూర్చునే స్టీలు జాలీ అంచు కింద మాత్రం సిలికాన్ సీలెంటు పలుచగా రాసి, అడుగున రబ్బరు వాషరు పెట్టి బిగించడం సరైన పద్ధతి.

ఇదే సింకు వేస్టు పైపు కింది కొసను చాలా ఇళ్లలో నేలలోని గొట్టంలోకి ఊరికే దించి వదిలేస్తారు, వాసన వస్తే చుట్టూ ఒక గుడ్డ గాని పాలిథిన్ కవరు గాని కూరుతారు. మురుగు జాయింటు ఆపవలసింది నీటినే కాదు, గాలిని కూడా. స్నానాల గది నేలలో జాలీ కింద ఉండే నహానీ ట్రాపులో నిలిచే సుమారు 50 మిల్లీమీటర్ల నీటి మట్టం ఉన్నది ఆ పనికే. 2003లో సార్స్ వ్యాపించినప్పుడు హాంగ్‌కాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా జబ్బుపడ్డారు. స్నానాల గదుల ట్రాపుల్లో నీరు ఎండిపోయి, మురుగు గొట్టంలోని గాలి ఇళ్లలోకి రావడం అందుకు ఒక కారణమని అక్కడి విచారణలో తేల్చారు. వాడని గదిలోని ట్రాపులో వారానికోసారి చెంబెడు నీళ్లు పోయడం, సింకు పైపు దిగే నోటికి సరైన కొలత రబ్బరు మూత పెట్టడం ఖర్చులేని జాగ్రత్తలు.

స్లాబు గుండా పైపు దిగే చోటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే జాయింటు బాగున్నా ఇక్కడి నుంచి నీరు దిగిన ఇళ్లు చాలా చూశాను. కాంక్రీటుకు, నున్నని పైపుకు పొత్తు లేదని పైన చెప్పాను. అనుభవమున్న పనివారు ఒక ఉపాయం చేస్తారు. స్లాబులో ఉండిపోయే మేరకు పైపు ఒంటికి సొల్యూషన్ పూసి, అది ఆరకముందే పొడి ఇసుక చల్లుతారు. ఇసుక పైపుకు అంటుకుని గరుకు పొర అవుతుంది, ఆ గరుకును సిమెంటు పట్టుకుంటుంది. పది నిమిషాల పని.

మరొక మాట ఆడవారికే కాదు, వంట చేసే వారందరికీ. అన్నం వార్చిన గంజిని సెగలు కక్కుతుండగా సింకులో పోయడం మన ఇళ్లలో మామూలు. పీవీసీ సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మరిగే గంజి రోజూ పడితే ట్రాపు వంకర పోయి, వాషరు పట్టు సడలుతుంది. గంజిని చల్లారనివ్వడమో, ముందు కుళాయి తిప్పి చన్నీటితో కలిసి పోయేలా పోయడమో చేస్తే చాలు.

టైల్స్ వేయకముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది, దాన్ని ఎవరి మాటా నమ్మి మానుకోవద్దు. పైపు కింది కొసను గట్టిగా మూసి, నహానీ ట్రాపు అంచు దాకా నీరు నింపి, సుద్దముక్కతో మట్టం గుర్తు పెట్టి, ఒక రాత్రి వదిలేయాలి. ప్రతి జాయింటు కింద ఒక పాత దినపత్రిక కాగితం పరవాలి. చేతికి తడిగా తెలియని చుక్క కూడా కాగితం మీద బూడిద రంగు వలయంగా కనిపిస్తుంది. ఇప్పటికే టైల్స్ వేసిన ఇంట్లో పై అంతస్తువారి ఏ గది నుంచి కారుతోందన్న తగాదా వస్తే, ఒక్కొక్క గది ట్రాపులో ఒక్కొక్క రోజు బట్టలకు వాడే నీలిమందు కలిపిన నీరు పోసి కింద చూస్తే చాలావరకు తేలిపోతుంది. పైపులు మూసే ముందు ఫోనుతో ఫొటోలు తీసి ఉంచుకుంటే, పదేళ్ల తరువాత ఏ టైలు పగలగొట్టాలో తెలుస్తుంది. అయితే ఇంటి యజమాని పని ఇంటి బయటి చాంబరు దగ్గరితో సరి. సెప్టిక్ ట్యాంకులోకి గాని, మ్యాన్‌హోల్‌లోకి గాని దిగకూడదు, డబ్బిచ్చి మరొక మనిషిని దింపకూడదు. అందులోని విషవాయువులు క్షణాల్లో ప్రాణం తీస్తాయి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది కూడా.

మీ పత్రిక ద్వారా నేను కోరేవి మూడు. సొల్యూషన్ డబ్బాల మీద, రింగు ఫిట్టింగుల సంచుల మీద వాడే పద్ధతిని తెలుగులో, చదవగలిగే అంత పెద్ద అక్షరాల్లో ముద్రించమని తయారీదారులను అడగండి. నా దగ్గరున్న డబ్బా మీద ఆ వివరాలు ఇంగ్లీషులో, భూతద్దం పెట్టి చదవవలసినంత చిన్నగా ఉన్నాయి, ఆ డబ్బా రోజూ వాడే పనివారిలో వాటిని చదవగలిగేవారు ఎందరు? ప్లంబరు కోర్సు ఉన్న ఐటీఐలు నెలకు ఒక ఆదివారమైనా ఇంటి యజమానులకు, ఇదివరకే పనిలో ఉన్న మేస్త్రీలకు ఒకే బల్ల దగ్గర రెండు గంటల తరగతి పెట్టేలా చూడమని ప్రభుత్వాలను కోరండి. మీ ఆదివారం సంచికలో ఇంటి మరమ్మతులకు పావు పేజీ కేటాయించి, బొమ్మలతో సహా ప్రచురించండి. మొదటి బొమ్మగా రింగు గాడి ఉన్న ఫిట్టింగును, గాడి లేని ఫిట్టింగును పక్కపక్కన వేయగలిగితే, దుకాణంలో నిలబడి ఏది కొనాలో తోచని మనిషికి ఆ రోజే ఉపయోగపడుతుంది. ఫొటోకు కావలసిన పాత బెండు, దానిలోని ఎండిన సొల్యూషన్‌తో సహా, నా దగ్గర భద్రంగా ఉంది. మీరు కబురు చేస్తే పంపుతాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.